ఫ్యాన్ పెట్టి వేడి తగ్గించాక ఉప్పునీటి అక్వేరియంలో జోవాలు ముడుచుకున్నాయి, ఏ చిల్లర్ కొనాలి?

నాగోల్_నానో

వివరాలన్నీ ఒకేసారి ఇచ్చేస్తున్నాను, మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా.

ట్యాంకు 36×18×18 అంగుళాలు, కింద సంప్ (పంపూ ఫిల్టరూ ఉండే రెండో తొట్టి). రాళ్లూ ఇసుకా పోను నికరంగా 200 లీటర్ల నీళ్లు. జోవాంథిడ్లు (జోవాలు), మష్రూములు, ఒక టోడ్‌స్టూల్ లెదర్ (ఈ మూడూ రాయి కట్టని సాఫ్ట్ కోరళ్లు), రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, ఒక క్లీనర్ రొయ్య. రిటర్న్ పంపు (సంప్ నీళ్లను పైకి ఎత్తేది) 40 వాట్ల ఏసీ రకం, ఒక వేవ్‌మేకర్ (ట్యాంకులో కెరటం పుట్టించేది), స్కిమ్మర్ (మలినాల్ని నురగగా తీసేది), ఎల్ఈడీ లైటు. చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేదు.

గాజుమూత ఉన్నప్పుడు పగలు 32 దాటేది. వారం క్రితం మూత తీసేసి నీటి మీదకు ఫ్యాన్ పెట్టాను. ఇప్పుడు మధ్యాహ్నం 30.2, తెల్లవారుజామున 28.6. అయినా సరిగ్గా ఈ వారంలోనే జోవాలు ముడుచుకున్నాయి, లెదర్ సగానికి కుంచించుకుపోయింది, రొయ్య రాయి కింద నుంచి రావట్లేదు. తెల్లారేసరికి క్లౌన్లు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

టెస్టులు: హైడ్రోమీటర్‌లో (సాంద్రతను బట్టి ఉప్పు చూపేది) 1.025, కేహెచ్ (క్షారత) 9.2, కాల్షియం 490, మెగ్నీషియం 1540, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08. డోసింగ్ ఏమీ లేదు. ఎన్ని హెచ్‌పీ చిల్లర్ తీసుకోమంటారు?

మణికొండ_రీఫ్

చిల్లర్ ఎక్కడికీ పోదు, ముందు మీ అంకెలు చూద్దాం.

వేడే కారణమైతే 32లో ముడుచుకోవాలి, 30కి దిగాక కోలుకోవాలి. మీ దగ్గర తలకిందులుగా జరిగింది. అంటే ఫ్యాన్‌తో పాటు ఇంకేదో మారింది.

డోసింగ్ లేని సాఫ్ట్ కోరల్ ట్యాంకులో మెగ్నీషియం 1540 ఎక్కడి నుంచి వచ్చింది? మామూలుగా కలిపిన ఉప్పు నీటిలో మెగ్నీషియం 1350, కాల్షియం 430, కేహెచ్ 8 దగ్గర ఉంటాయి. మీ అంకెల్ని వీటితో భాగించండి. 1540/1350 అంటే 1.14. 490/430 కూడా 1.14. కేహెచ్ 1.15. మూడూ ఒకే నిష్పత్తిలో పెరిగాయంటే విడివిడిగా ఏదీ పెరగలేదు, మొత్తం ఉప్పే పెరిగింది. మామూలు ఉప్పు నీటి 35కి 1.14 రెట్లు వేస్తే 40 పీపీటీ (కిలో నీటిలో 40 గ్రాముల ఉప్పు). 1.025 అంటే 35 లోపే, కాబట్టి మీ హైడ్రోమీటర్ అబద్ధం చెబుతోంది.

రెండు ప్రశ్నలు. ఫ్యాన్ పెట్టాక రోజుకు ఎన్ని లీటర్లు తగ్గుతోంది? తగ్గిన దానికి ఏ నీళ్లు పోస్తున్నారు?

నాగోల్_నానో

రోజుకు దాదాపు 5 లీటర్లు. వాటర్ ఛేంజ్ కోసం డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పు నీళ్లే పోస్తున్నాను. ట్యాంకు నీళ్లతో తేడా రాకూడదని.

మణికొండ_రీఫ్

దొరికింది. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి ఆవిరైన దానికి మంచి ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు. మూత ఉన్నన్నాళ్లు రోజుకు అర లీటరో ఎంతో పోయేది గనక ఈ పొరపాటు బయటపడలేదు. ఫ్యాన్ వచ్చాక పదింతలైంది.

లెక్క: 35 పీపీటీ నీళ్లు 5 లీటర్లంటే 175 గ్రాముల ఉప్పు. 200 లీటర్లలో అది రోజుకు దాదాపు 0.9 పీపీటీ. ఆరు రోజులకు 5 పైన. 35 నుంచి 40కి సరిపోయింది.

ఊగే చేయి ఉన్న ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌లో ఆ చేతి మీద ఉప్పు, సున్నప్పొర పేరుకుంటే బరువెక్కి కిందికి వాలుతుంది, తక్కువ చూపిస్తుంది. బుడగలు అంటుకుంటే తేలిపోయి ఎక్కువ చూపిస్తుంది. ఇరుసు దగ్గర వేలితో రుద్ది చూడండి, తెల్లటి గరుకు తగులుతుంది. వెనిగర్‌లో నానబెడితే కొంత నయమే కానీ దాన్ని అలమరలో పడేసి రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి ఉప్పు కొలిచేది) కొనడం మేలు.

ఆ రిఫ్రాక్టోమీటర్‌ని కూడా ఉత్త ఆర్వో నీటితో సున్నా చేసి వదిలేయకండి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పు చూపించేవి చాలా ఉన్నాయి. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం దొరక్కపోతే వంటింటి మెత్తని ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో నీళ్లు 963.5 గ్రాములు తూచి కలపండి. దాని వక్రీభవనం 35 పీపీటీ సముద్రపు నీటికి సమానం. రెండు చుక్కలు వేసి, అర నిమిషం ఆగి, స్క్రూ తిప్పి 35 మీదకు తెచ్చుకోండి. గ్రాము దశాంశం చూపే చిన్న కాటా చాలు.

నాగోల్_నానో

ఇరుసు దగ్గర నిజంగానే తెల్లగా ఉంది. రిఫ్రాక్టోమీటర్ తెప్పించి మీరు చెప్పినట్టే సరిచేసి చూశాను. 40 మీద గీత. ఇప్పుడు సగం నీళ్లు తీసేసి మంచినీళ్లు పోసేయనా?

మణికొండ_రీఫ్

వద్దు! ఆరు రోజుల్లో ఎక్కింది, దాదాపు అంతే తీరికగా దిగాలి. చేపలు తట్టుకున్నా రొయ్య తట్టుకోలేదు. దాని ఒంట్లో ఉప్పు బయటి నీటితో పాటే మారుతుంది, ఒక్కసారిగా పలచనైతే మరునాటికి పోతుంది.

రోజుకు 1 పీపీటీ చొప్పున దించండి. ట్యాంకు నీళ్లు 5 లీటర్లు తీసి పారబోయండి, 5 లీటర్ల ఆర్వో నీళ్లు సంప్‌లో పోయండి, ఒకేసారి కాకుండా ఉదయం సగం, సాయంత్రం సగం. దీనికి అదనంగా ఆవిరైన 5 లీటర్లకూ ఆర్వో నీళ్లే. ఐదు రోజులకు 35.2 దగ్గర తేలుతుంది. కాల్షియం, మెగ్నీషియం, కేహెచ్ కూడా ఆ వెంటే దిగొస్తాయి, వాటి జోలికి పోకండి.

తగ్గిన నీళ్లు ఎక్కడ కనిపిస్తాయంటే ట్యాంకులో కాదు, సంప్‌లో రిటర్న్ పంపు గదిలో. అంతా సరిగ్గా ఉన్న రోజున ఆ గాజు మీద మార్కర్‌తో గీత గీయండి, రోజూ అక్కడి దాకా పోయండి. అంతకంటే మంచిది ఆటో టాప్ ఆఫ్ (తగ్గిన నీళ్లను డబ్బా నుంచి దానంతటదే పోసే పరికరం). కాకపోతే సెన్సర్ ఇరుక్కుపోయి మొత్తం పోసేసే రోజు ఒకటి వస్తుందనే లెక్కతోనే డబ్బా ఎంచుకోవాలి. 20 లీటర్ల డబ్బా మొత్తం ఖాళీ అయినా 35 నుంచి 32కి దిగుతుంది, బతికి బట్టకడతాయి. 60 లీటర్ల డ్రమ్ము తగిలిస్తే 27కి పోతుంది.

ఎల్బీనగర్_ఆర్వో

అంతా బాగుంది కానీ ఆ ఆర్వో నీళ్ల టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాలు) ఎంతున్నదో ఎవ్వరూ అడగలే.

అన్నా, ఇంట్ల తాగే ఆర్వో మిషన్ల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న నాబ్ ఉంటది. నీళ్లు మరీ చప్పగ ఉండొద్దని కొంచెం పచ్చి నీళ్లు అండ్ల కలుపుతది. మన బోరు నీళ్లు 700, 900 టీడీఎస్ ఉంటయి కదా, కలిపినంక 60 నుంచి 120 వస్తది. తాగనీకి మంచిదే, రీఫ్‌కు కాదు. రోజుకు 5 లీటర్ల లెక్క నెలకు 150 లీటర్లు పోస్తున్నరు, అండ్లున్న నైట్రేటు, సిలికా అంతా ట్యాంకులనే జమైతది. నెల తిరగంగనే ఇసుక మీద గోధుమ రంగు పొర, గాజు మీద ఆకుపచ్చ నాచు. 20 లీటర్ల వాటర్ క్యాన్లు కూడా ఇదే కథ, అవి తెచ్చి పోయకుండ్రి.

చెయ్యాల్సింది ఇది. మెంబ్రేన్ తర్వాత, నాబ్‌కు ముందే ఒక టీ (మూడు నోళ్ల జాయింట్) పెట్టి నీళ్లు వేరే తీసుకోండ్రి. దానికి డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసేది) తగిలియ్యండ్రి. బయటికొచ్చే నీళ్లు సున్నా చూపాలె. మెంబ్రేన్ నుంచి 10 వస్తుంటే రెసిన్ నెలల తరబడి ఉంటది, 60 వస్తుంటే తొందరగ అయిపోతది, అట్లుంటే మెంబ్రేన్ మార్చుడే చౌక. రెసిన్ అయిపోయే టైముల ముందుగాల పట్టుతప్పేది సిలికా, దాన్ని టీడీఎస్ మీటర్ సరిగ చూపదు. మీటర్ మీద 1 కనపడంగనే మార్చెయ్యాలె, 5 దాక ఆగొద్దు.

ఇంకొకటి, మిషన్ మొదలైన మొదటి రెండు నిమిషాల నీళ్లు పారబొయ్యండ్రి. ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ల టీడీఎస్ పెరిగి ఉంటది, అది నేరుగ రెసిన్‌ను తినేస్తది.

ఉప్పుగాలి_విశాఖ

ఫ్యాన్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇది చదివి మా వైపు వాళ్లు కూడా ఫ్యాన్ కొనేస్తారు.

ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడి పట్టుకుపోతుంది. రోజుకు 5 లీటర్లంటే 24 గంటలూ 140 వాట్ల వేడిని బయటికి లాగినట్టే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడి గనక ఇది అద్భుతంగా పనిచేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో అదే ఫ్యాన్ పెడితే ఉక్కపోతలో ఆవిరే కాదు, ఒక డిగ్రీ తగ్గితే గొప్ప. మాకు చిల్లరో గది ఏసీయో తప్పదు. హైదరాబాద్‌లోనూ వానలు మొదలయ్యాక తేమ పెరిగి ఫ్యాన్ పని తగ్గుతుంది, ఆవిరి కూడా తగ్గుతుంది, అప్పుడు రోజూ అలవాటుగా 5 లీటర్లు పోసేస్తే ఈసారి ఉప్పు పడిపోతుంది. గీత చూసి పోయాలి, అలవాటు కొద్దీ కాదు.

ఫ్యాన్‌ను టెంపరేచర్ కంట్రోలర్‌కి తగిలించండి. ఎస్‌టీసీ-1000 లాంటిది చాలు: 27 పెట్టి, తేడా 0.5 పెట్టండి. ప్రోబ్ సంప్‌లో నీళ్లు పారే చోట, సక్షన్ కప్పుకి తోడు ఒక టై కూడా వేసి కట్టండి. సక్షన్ కప్పులు ఏడాదికి గట్టిపడి ఊడతాయి. ప్రోబ్ బయటపడితే అది గది వేడి చూపిస్తుంది, ఫ్యాన్ గానీ చిల్లర్ గానీ ఆగకుండా తిరుగుతుంది. ఫ్యాన్ ఇనుప స్క్రూలు నీటి పైన ఉండకూడదు, తుప్పు రాలుతుంది.

సముద్రం పక్కనే ఉంది కదా నీళ్లు తెచ్చుకోవచ్చా అని ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఒడ్డున, హార్బర్ దగ్గర పట్టిన నీళ్లు వద్దు. వానాకాలం చివర్లో గంగా బ్రహ్మపుత్రల మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది, అప్పుడు మన తీరంలో ఉప్పు బాగా పలచబడుతుంది. కొలవకుండా పోస్తే అంతే సంగతులు.

సంప్_సింహం

ఎలాగూ రోజుకు 5 లీటర్లు పోస్తున్నారు కదా, ఆ ఆటో టాప్ ఆఫ్ డబ్బాలో సున్నం కలిపేయండి. కేహెచ్, కాల్షియం రెండూ ఫ్రీగా వస్తాయి. అమెరికా వీడియోల్లో అందరూ చేసేది అదే.

ఫ్రిస్కో_ఫ్రాగ్స్

సింహం గారూ, ఆ అందరూ చేసేది వేరే ట్యాంకుల్లో. ఇక్కడ టెక్సస్‌లో షాపుల్లో పెంచి అమ్మే రాతి కోరల్ ముక్కలతో నిండిన ట్యాంకు రోజుకు 2 డీకేహెచ్ (కేహెచ్ కొలమానం) తినేస్తుంది, పోసిన సున్నం అక్కడ ఖర్చైపోతుంది. జోవాలు, మష్రూములు, లెదర్ ఉన్న ట్యాంకులో కేహెచ్ తినేది ముఖ్యంగా గులాబీ రంగు కోరలైన్ నాచు, అదీ కొంచెమే.

నిండుగా కలిసిన సున్నపు తేట ఒక లీటరు అంటే దాదాపు 114 డీకేహెచ్. 5 లీటర్లు 200 లీటర్లలో పోస్తే రోజుకు 2.8 డీకేహెచ్ పెరుగుతుంది. మూడు రోజుల్లో 16 దాటుతుంది, పీహెచ్ కూడా ఎగిరిపోతుంది, హీటర్ మీదా పంపు ఇంపెల్లర్ (తిరిగే రెక్క) మీదా తెల్లటి సున్నం గట్టిపడుతుంది, నీళ్లలో తెల్లటి పొగలా కాల్షియం కార్బొనేట్ రాలుతుంది. సున్నాన్ని టాప్ ఆఫ్‌కి ముడిపెడితే డోసు వాతావరణం చేతికి పోతుంది: ఎండ ఎక్కువైన రోజు ఎక్కువ, వాన పడిన రోజు తక్కువ. కోరల్‌కి దానితో పనేముంది?

ఉప్పు 35కి దిగాక కేహెచ్ కొలవండి. 7 నుంచి 9 మధ్య ఎక్కడున్నా వదిలేయండి. వారం తర్వాత మళ్లీ కొలిస్తే ఎంత తింటుందో తెలుస్తుంది. తగ్గితే వంట సోడా, బేకింగ్ పౌడర్ కాదు. 200 లీటర్లకు 6 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. ఒక లీటరు ఆర్వో నీటిలో కరిగించి, వేవ్‌మేకర్ ముందు సన్నగా పోయండి, రోజుకు 1కి మించి పెంచొద్దు.

అన్నట్టు, తాంబూలం సున్నం వాడొచ్చా అని అడగబోయేవారికి: వద్దు, అందులో ఏం కలిపారో డబ్బా మీద ఉండదు.

సంప్_సింహం

ఒప్పుకున్నాను. ఎండకీ డోసుకీ లంకె పడుతుందన్న సంగతి తట్టలేదు.

నాగోల్_నానో

మూడో రోజు: 37.2. రొయ్య బయటికొచ్చింది, జోవాల్లో మూడోవంతు విచ్చుకున్నాయి. లెదర్ మీద మైనం లాంటి పొర పట్టింది. క్లౌన్లు మాత్రం తెల్లవారుజామున ఇంకా పైకే వస్తున్నాయి. కరెంటు కూడా రెండు పూటలా పోతోంది. ఇన్వర్టర్‌కి ఏమేం తగిలించాలి?

ఫ్రిస్కో_ఫ్రాగ్స్

పొర మామూలే, లెదర్ చర్మం వదులుతోంది. కెరటం కొంచెం దానివైపు తిప్పితే అదే రాలిపోతుంది, చేత్తో పీకొద్దు.

ఇక క్లౌన్లు పైకి రావడం ఆక్సిజన్ సంగతి. 35 పీపీటీ నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల దాకా ఇముడుతుంది, 30 దగ్గర 6.2. తేడా చిన్నదే, కానీ వేడి నీటిలో చేపా, బాక్టీరియా అన్నీ ఎక్కువ పీల్చుకుంటాయి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు గనక తెల్లవారుజాముకు అడుగంటుతుంది. నీటి పైన జిడ్డు పొర ఉందేమో చూడండి, గాజు పక్క నుంచి చూస్తే నూనె తెట్టులా మెరుస్తుంది. వేవ్‌మేకర్‌ని పైకి ఎత్తి, నీటి పొర ముడతలు పడేలా ఏటవాలుగా పెట్టండి. రిటర్న్ నాజిల్ ఒకటి కూడా పైకి.

పంపు_వైద్యం

ఇన్వర్టర్ ప్రశ్న నాది.

ట్యాంకులో వేవ్‌మేకర్ ఒక్కటే తగిలించండి. రిటర్న్ వద్దు, లైటు వద్దు, హీటర్ అసలే వద్దు. చేపలు చచ్చేది చీకటికి కాదు, నీళ్లు నిలిచిపోయినందుకు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడుకుంటే 900 వాట్ అవర్లు. వేవ్‌మేకర్ 10 వాట్లే అయినా ఇన్వర్టర్ తన కోసం తానే 15, 20 వాట్లు తినేస్తుంది, అది ఎవరూ లెక్కలో వేసుకోరు. అయినా ఒక పగలూ రాత్రీ నెట్టుకొస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఏసీ పంపులు గుంయ్‌మని వణికి వేడెక్కుతాయి, సైన్ వేవే ఉండాలి. ఇన్వర్టర్ లేనివాళ్లకు, కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ గాలి పంపు.

అసలు పరీక్ష చేశారా? ఇప్పుడే రిటర్న్ పంపు ప్లగ్గు పీకి, పక్కన నిలబడి చూడండి. నాజిల్ నీటిలో ఎంత లోతుందో అంత నీరు సైఫన్ అయి సంప్‌లోకి దిగుతుంది. 36×18 ట్యాంకులో ఒక్క అంగుళం అంటే దాదాపు పదిన్నర లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే గది నేల మీదకే. నాజిల్‌ను నీటి మట్టానికి అర అంగుళం కిందే ఉంచండి, లేదా అక్కడ పైపుకి చిన్న రంధ్రం వేసి గాలి పీల్చుకోనివ్వండి. చెక్ వాల్వ్‌ని నమ్మకండి, ఒక నత్త చిక్కుకుంటే చాలు, మూసుకోదు.

ప్లగ్గుల వైర్లన్నీ బోర్డుకన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, కారిన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్టు బొట్టుగా రాలిపోతాయి. 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) లేని లైన్ మీద ఉప్పు నీళ్ల ట్యాంకు నడపొద్దు.

ఐసు బాటిల్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తా. కరెంటు పోయి వేడి ఎక్కుతుంటే లీటరు బాటిల్ గడ్డకట్టించి తేలనివ్వండి, 200 లీటర్లను అర డిగ్రీ దించుతుంది. ఒకసారికి ఒకటే.

మణికొండ_రీఫ్

ఏసీ గదిలో పెట్టుకున్నవాళ్లకు ఇంకోటి. ఎండాకాలం తలుపులు బిగించుకు కూర్చుంటే మనుషుల ఊపిరితో గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ట్యాంకు పీహెచ్ 7.7కి పడిపోతుంది. దానికి కేహెచ్ పెంచే మందులు పోస్తుంటారు. కారణం గాలి అయినప్పుడు మందుతో పనిలేదు. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి లాగండి, రెండు రోజుల్లో తేడా కనబడుతుంది.

వేదిక_నిర్వహణ

పైన రాతి కోరల్ ముక్కల ప్రస్తావన వచ్చింది గనక ఇండియా సభ్యులకు: రాతి కోరళ్లు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన తీరం నుంచి వచ్చిన చచ్చిన కోరల్ ముక్కైనా, అదే లైవ్ రాక్ పేరుతో అమ్మినా, దగ్గర పెట్టుకోవడం నేరం. సీ హార్సులు కూడా అంతే. ట్యాంకులోకి మనిషి తయారుచేసిన సిరామిక్ రాయి వాడండి. అమ్మకాల పోస్టులు ఈ వేదికలో తొలగిస్తాం.

నాగోల్_నానో

ఏడో రోజు. 35.1, కేహెచ్ 8.1, కాల్షియం 430, మెగ్నీషియం 1350. నాబ్ ముందు టీ పెట్టి రెసిన్ గొట్టం తగిలించాను, సున్నా చూపిస్తోంది. వేవ్‌మేకర్ పైకి ఎత్తాక క్లౌన్లు కిందే ఉంటున్నాయి. ప్లగ్గు పీకి చూస్తే సంప్ అంచుకు వేలెడు దూరంలో ఆగింది, నాజిల్ పైకి జరిపాను. వేడి 28.4 నుంచి 29.6 మధ్య. ఇప్పుడైనా చిల్లర్ చెబుతారా?

ఉప్పుగాలి_విశాఖ

ముందు ఆ 40 వాట్ల ఏసీ రిటర్న్ తీసేసి 15, 20 వాట్ల డీసీ పంపు పెట్టండి. నీటిలో మునిగే పంపు తినే కరెంటు దాదాపు అంతా వేడిగా ట్యాంకులోకే వస్తుంది. లైటు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాకా, తీవ్రత ఈ నెల పాటు పావు వంతు తగ్గించి. ఈ రెంటితో మీ సాఫ్ట్ కోరళ్లకు 28 దగ్గర నిలబడితే చిల్లర్ అక్కర్లేదు.

అప్పటికీ 29 దాటితే 1/6 హెచ్‌పీ. పెట్టె మీది పట్టీ 1/10 చాలంటుంది, కానీ ఆ పట్టీలు చల్లటి గదికి రాసినవి, మన 38 డిగ్రీల గదికి కావు. సంప్ ఉన్న అలమరలో మాత్రం పెట్టొద్దు. తను ఊదిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది. బయట, గోడకు అడుగు దూరంలో. చిల్లర్ 27 దగ్గర, హీటర్ 25 దగ్గర సెట్ చేయండి, రెంటి మధ్యా ఆ ఖాళీ లేకపోతే ఒకటి వేడి చేస్తుంటే ఒకటి చల్లారుస్తూ కూర్చుంటుంది. వెనక జాలీ దుమ్ము పదిహేను రోజులకోసారి పెయింట్ బ్రష్‌తో దులపండి.

నాగోల్_నానో

డీసీ పంపు ఆర్డర్ చేశాను. టోడ్‌స్టూల్ ఈ పొద్దున పొర వదిలేసి, వేళ్లన్నీ చాచింది.